ఫొటోలో లేని ఆకుపచ్చ అంగి

నా ఫోను ముసలిది. బొమ్మలున్న పేజీ తెరిస్తే చాలు, ఆయాసపడి ఆగిపోతుంది. అందుకే అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్ వాడుతాను. అందులో ఫొటో ఉండాల్సిన చోట, చూపు లేనివాళ్ల కోసం రాసిపెట్టిన వివరణ కనిపిస్తుంది. మామూలు బ్రౌజర్‌లో ఆ మాటలు ఉన్నాయనే తెలియదు. కొంగల ఫొటోల కోసం వెతుకుతుంటే హసన్‌పర్తి చెరువు పేజీ ఒకటి ఇలాగే దొరికింది. మొదటి ఫొటో దగ్గర, "ఆపా, అవతలి ఒడ్డున ఆకుపచ్చ అంగి మనిషి నిలబడ్డడు" అని, ఎవరో అక్కకు చెబుతున్నట్టు ఉంది. నాలుగో ఫొటోకి అతను కట్ట ఎక్కాడు. ఏడో దానికి వీధి మలుపు దాకా వచ్చాడు. ఆఫీసు కంప్యూటర్‌లో అవే ఫొటోలు చూశాను. నీళ్లు, కట్ట, ఖాళీ వీధి. మనిషన్నవాడు లేడు. నిజం చెప్తున్నాను, భయమేసింది. పేజీ నడిపే సలీంకు రాస్తే మర్యాదగా ఇంటికి రమ్మన్నాడు. ఆ మనిషి సంగతి మాత్రం ఎత్తలేదు.

పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కి ఎనిమిదిన్నరకు కాజీపేటలో దిగాను. హనుమకొండ దాకా బస్సు, అక్కడి నుంచి హసన్‌పర్తికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. రోడ్డంతా మంచు. సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయినా ఆ పేజీ ఠక్కున తెరుచుకుంది. కొత్త ఫొటో చేరింది. "ఆపా, మన గేటు పట్టుకొని నిలబడ్డడు." ఆటో నడిపే కొమురయ్యను సలీం ఇల్లు అడిగాను.

"మోటర్ల మేస్త్రి కొడుకా? ఆ మేస్త్రి ఆరేండ్ల కింద చెరువు కాడికి మోటర్ బాగుచేయ పోయిండక్కా. సైకిల్ దొరికింది, మనిషి దొరకలె."

ఆ రోజు ఏ అంగి వేసుకున్నాడని నేను అడగలేదు. ఆకుపచ్చదని అతనే చెప్పాడు.

సలీం హనుమకొండలో ఫోన్లు బాగుచేస్తాడు, మధ్యాహ్నం భోజనానికి గానీ రాడు. ఇంట్లో అతని అక్క రజియా ఆపా ఒక్కతే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పుట్టినప్పటి నుంచి ఆమెకు చూపు లేదు. తమ్ముడు రాసింది రోజూ ఫోను చదివి వినిపిస్తుందట. చాయ్ ఇచ్చి, కాసేపు నా ప్రయాణం గురించి అడిగి, ఉన్నట్టుండి అసలు మాటకొచ్చింది.

"చెల్లె, నీకు కండ్లున్నయి. ఆ ఫొటోలల్ల మా అబ్బా ఉన్నడా?"

వాళ్ల నాన్న ఉన్నాడని అబద్ధం చెబుదామనే అనుకున్నాను, నోరు రాలేదు. లేడు ఆపా, అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"సలీం నోటితోని చెప్తే అబద్ధమని అప్పుడే పట్టుకుందును. ఫోను గొంతుల ఏదైనా ఒక్కతీరే ఉంటది." ఇంకో గింజ తీసి పక్కన వేసింది. "రోజూ జర దగ్గరికి తెస్తాండు. గేటు దాక తెచ్చిండు. ఇంక యాడికి తెస్తడు? గదే నా ఫికర్."

సలీం వచ్చేలోపే లేచి వచ్చేశాను, అతని మొహం చూసే ధైర్యం లేక.

మూడింటికి కాజీపేట ప్లాట్‌ఫాం మీద పేజీ తెరిచాను. "ఆపా, అబ్బా గడపల చెప్పులు విడుస్తాండు." మొదటిసారి ఆ ఫోనులో బొమ్మలు తెరిచాను. ఫొటో పైనుంచి కిందికి నెమ్మదిగా దిగింది. తలుపు బార్లా తెరిచి ఉంది. గడపలో చెప్పులు లేవు. లోపల ఆపా కూర్చుని ఉంది. పొద్దున లేని కుర్చీ ఒకటి ఆమె పక్కన వేసి ఉంది, దాని ముందు స్టూలు మీద నిండుగా చాయ్ కప్పు.

ఆమె సరేనన్నాకే, పేర్లు మార్చి ఇది రాస్తున్నాను. నేను చెప్పిన నిజం ఆమెకు మేలు చేసిందో కీడు చేసిందో నాకిప్పటికీ తెలియదు. హసన్‌పర్తి వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఫోనులో అక్షరాల బ్రౌజర్ పెట్టుకోండి, సిగ్నల్ ఒక్క గీతే ఉన్న చోట కూడా పనిచేస్తుంది. దారిలో నేనూ దాన్నే నమ్ముకున్నాను. నేను వెళ్లొచ్చిన మర్నాడు ఆ పేజీలో ఇంకో వాక్యం చేరింది. "ఆపా, అబ్బా చాయ్ తాగిండు." ఆ ఫొటో మాత్రం నేను తెరవలేదు.