పచ్చి తుమ్మతో ఫిరంగి బండి

మా ఆయన తన చివరి ఎండాకాలమంతా ఒక బండి కోసం పనిచేశాడు. మూరెడు పొడవున్న ఇత్తడి ఫిరంగిని మోసే చెక్క బండి అది.

సూరత్‌లో హజీరా వైపు ఒక వర్క్‌షాపులో లేతు మీద పనిచేసేవాడాయన. ఆ షాపు సేఠ్‌కు పాత ఫిరంగులంటే పిచ్చి. కామ్‌రేజ్ దాటాక ఉన్న తన తోటలో, లైసెన్సు పెట్టుకుని, పండగలకు తుపాకిమందు కూరి పేల్చేవాడు. ఆయన కోసమే మా ఆయన ఇత్తడి కడ్డీని తొలిచి ఆ గొట్టం తయారుచేశాడు. తర్వాత దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడి పని మానేయాల్సి వచ్చింది. ఊరికే కూర్చోకుండా దానికి బండి చేయమని సేఠ్ గొట్టాన్ని ఇంటికి పంపాడు. మంచి మనసుతోనే పంపాడు.

మా తెలుగు సంఘం పర్వత్ పాటియాలో ఒక చీరల గోడౌను పైన కూడుకుంటుంది. నేను వాక్యంలో పెరిగినదాన్ని, స్త్రీల కూటంలో వాక్యం చెప్తాను. మా ఆయన కోసం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు పాస్టరు అయ్యగారు ఆ గొట్టాన్ని చూశారు. ప్రాణం తీసే వస్తువును ఇంట్లో పెట్టుకుని ప్రభువు బల్లలో చేయి వేయడం తగదన్నారు. పెద్దలు కూడా అదే అన్నారు. అది ఇల్లు దాటేదాకా మా ఆయనకు రొట్టె, ద్రాక్షరసం లేవు. తాగుడు వల్ల, తాయెత్తుల వల్ల బల్లకు దూరం చేసిన వాళ్లను నేను చూశాను. ఆ క్రమశిక్షణ దేవుడు సంఘానికి ఇచ్చిందేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఇక ఎక్కువ కాలం లేదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. స్వస్థత కోసం అడగడం నేను మానేశాను. బల్లకు దూరమై ఆయన పోకూడదు, నాకు కావలసింది అదొక్కటే. గొట్టాన్ని ఆ రోజే సేఠ్‌కు తిరిగి పంపేద్దామన్నాను.

"ఉత్త గొట్టం పంపితె మోరీ పైపు అంటరే," అన్నాడు. "బండి మీద కూసుంటెనే అది తోపు. బండి అయినంక పంపుదం."

ఆ ఆదివారం నా వంతు రొట్టె ముక్కను నోట్లో పెట్టుకోలేదు. జేబురుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. విప్పి చూపిస్తే చాలాసేపు చూశాడు. ముక్కులో ఆక్సిజన్ పైపు, పక్కన దాని మిషన్ చప్పుడు.

"చాటుకు తినేది గాదే ఇది. అయ్యగారు ఇస్తె తింట. నీది నువ్వు తిను."

ఆయన చూస్తుండగానే తిన్నాను. ఇక బండి పూర్తి చేయడం తప్ప దారి లేదు.

కట్టెల అడితిలో ఎండిన తుమ్మ ఉంది, పచ్చిదీ ఉంది. ఫోనులో చూపిస్తే పచ్చిదే తెమ్మన్నాడు. ఆయన మంచం మీద కూర్చుని పెన్సిలుతో గీతలు గీసేవాడు. నేను చెక్కను కాలి కింద తొక్కిపట్టి కోసేదాన్ని. రెండు పక్క చెక్కలు, వాటి పైఅంచున, గొట్టానికి రెండు పక్కలా పొడుచుకొచ్చిన చెవులు కూర్చునే గాడులు, కింద ఇరుసులు, నాలుగు చిన్న చక్రాలు.

"రంపాన్ని ఒత్తకు," అనేవాడు. "దాని పని దాన్ని చెయ్యనియ్యి. వాక్యం చెప్పినట్టు రంపం మీద గూడ ఒర్రుతవా?"

నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు వస్తే ఆ పూట పని ఆగిపోయేది.

పక్క చెక్కలకు నూనె రాసి వరండాలో ఆరబెట్టాం. సూరత్ ఎండకు మర్నాటికే ఒక చెక్క గాడి దగ్గర నుంచి కిందిదాకా పగిలింది. తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. పగులు వెంట వేలితో రాశాడు. ఆశ్చర్యపడలేదు.

"పచ్చిది పగులుతదని నీకు ఎరుకేనా?" అని అడిగాను.

"ఎరుకే. ఎండిన తుమ్మ ఇనుము లెక్క ఉంటది. నీ చేతులతోని అయ్యేది గాదు. ఇల్లు దాటేదాక ఆగుతదేమో అనుకున్న."

ఇలాగే పంపేద్దాం, సేఠ్ అలమారాలో పెట్టుకుంటాడన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాడు పేలుస్తడు. బండి ఇరిగి గొట్టం తిరిగితె ఎవలికన్న తగులుతది. గప్పుడు అయ్యగారు అన్నది నిజమైతది."

మళ్లీ అడితికి వెళ్లాను. ఎండిన చెక్క తెచ్చాను. రంపం పళ్లు దాని మీద జారిపోయేవి. నాలుగు గీతలు కోస్తే చేతులు తిమ్మిరెక్కేవి. ఆయన ఇప్పుడు గీతలు కూడా పడుకునే గీస్తున్నాడు, వంకరగా వస్తున్నాయి. ఒకటి తుడిచి మళ్లీ గీయడానికి ఒక పూట పట్టేది.

అప్పుడు అయ్యగారి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. మా ఆయన గొట్టాన్ని ఎందుకు పంపడం లేదో కూడా చెప్పాను. అయ్యగారు తల దించుకుని విన్నారు. శనివారం పెద్దలు కూడుకుంటారు, నేనే మాట్లాడతాను, ఆదివారం రొట్టె తీసుకుని ఇంటికే వస్తానమ్మా అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన మంచి చొక్కా ఒకటి ఉతికి పెట్టమన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పోయాడు. కరెంటు పోలేదు, మిషన్ ఆగలేదు. నేను చెక్క కోస్తున్నాను. గీత మీద పోతున్నానా అని అడిగితే జవాబు రాలేదు.

ఉతికిన చొక్కాయే తొడిగాం. సంఘమంతా వచ్చింది, సమాధి దగ్గర అయ్యగారు ఏడుస్తూనే ప్రార్థన చేశారు. సేఠ్ డ్రైవరు వచ్చి గొట్టాన్ని తీసుకుపోయాడు. బండి ఏదని అడిగితే కాలేదని చెప్పాను.

మళ్లీ బల్ల ఆరాధన నాడు అయ్యగారు పళ్లెం నా ముందు పట్టారు. తీసుకున్నాను, తిన్నాను. సంఘం మీద నాకు కోపం లేదు. ప్రభువు తన బల్ల దగ్గర ఆయనను కూర్చోబెట్టుకున్నాడని నమ్ముతున్నాను. కానీ పళ్లెం మగవాళ్ల వైపు వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థించాల్సినదాన్ని, మూసుకోలేకపోయాను. చివరి వరుస దాకా చూశాను. పళ్లెంలో ఇంకా ముక్కలు మిగిలి ఉన్నాయి.