ఖాసీంబీ అవ్వ నవ్వు

నిన్న మైదుకూరు బస్టాండు హోటల్లో టీవీలో ఒక నాయకుడి గురించి నలుగురు అరుచుకుంటుంటే, టీ సగంలో వదిలేసి బయటికొచ్చేశాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన అభిమానించే నాయకుణ్ణి అరెస్టు చేశారు. ఒక చానెల్ ఆయన్ని దొంగ అంటే ఇంకొకటి దేవుడంది. నాయన ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎదురింట్లో గాజులమ్మే ఖాసీంబీ అవ్వ మాత్రం టీవీ ముందు చప్పట్లు కొడుతూ నవ్వడం కిటికీలోంచి చూశాను.

"నాయనా, మన నాయకుణ్ణి పట్టుకపోతే అవ్వ నవ్వుతాండాది," అని పరుగెత్తుకెళ్లి చెప్పాను.

నాయన దగ్గర కూర్చున్న పార్టీవాళ్లు ఆ మాట విని లేచారు. అవ్వ గాజుల పెట్టెను వీధిలో బోర్లించి తొక్కారు. నాయన ఆపలేదు.

"నేనేం జేసినానప్పా? మనవడు తొలి అడుగేస్తే నవ్వితి గదా!" అంటూ అవ్వ ఏడ్చింది. ఆ పసివాడు గోడ పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

నేను దగ్గరికి వెళ్లబోయాను. "ఈడికి రావద్దు పాపా, కాళ్లకు గుచ్చుకుంటాయి," అని ఒక్కతే ముక్కలు ఏరుకుంది.

రెండేళ్లకే నాయన ఆ పార్టీ వదిలేశాడు. ఆ రోజు చాడీ చెప్పింది నేనేనని మాత్రం, అవ్వ పోయేదాకా ఆమెకు చెప్పలేకపోయాను.