గొళ్ళేనికి సిల్వర్ రంగు

ఆత్మకూరుకు వచ్చిన కొత్తల్లో మా వీధిలో అందరూ మమ్మల్ని ముంపోళ్ళు అనేవాళ్ళు. సోమశిల ప్రాజెక్టు కింద ఊరు పోయినోళ్ళందరికీ అదే పేరు. పాలు పోసే ఆమె కూడా "ముంపోళ్ళ అమ్మాయీ, గిన్నె తే" అనేది. నాకు ఒళ్ళు మండేది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఉదయగిరిలో టీచరుగా పనిచేస్తా ఉన్నాను, శనివారం శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. నాకంటూ ఒక పేరు ఏడ్చింది కదా, దాంతో పిలిస్తే ఏం పోతాదో.

ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ వాసాలు, పెంకులు, తలుపులు పీక్కున్నారు. మా తలుపు చెక్కను మాత్రం చెదలు తినేసినాయి. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, కదలనని కూర్చునింది. ఆమెకు రెండు కళ్ళూ పోయి పదేళ్ళు దాటింది. ఆఫీసర్లు వచ్చి చెప్పినారు, చర్చి సంఘం అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి మరీ చెప్పినారు. చివరికి తనే నాయనను పిలిచింది.

"చెక్క పోతే పోనీరా. ఆ ఇనుము తీసకపోయి కొత్తింటి తలుపుకు కొట్టిస్తావా? అది చేతికి తగిలితే నా ఇల్లే అనుకుంటాను."

"కొట్టిస్తానమ్మా" అన్నాడు నాయన. ఆ మాట మీదనే లేచింది.

ఇనుమంటే గొళ్ళెం, గడియ, నాలుగు మడతబందులు, లాగే కడియం. గొళ్ళెం పట్టీ ఎప్పుడో పగిలితే తాత తనే మూడు మేకులు కొట్టి అతికినాడంట. ఆ మేకుల తలలు బొడిపెలుగా పైకి ఉండేవి. అవ్వ ఎక్కడికి పోయి వచ్చినా, బొటనవేలితో ఆ మూడు బొడిపెలూ తడిమి, అప్పుడు లోపలికి అడుగు పెట్టేది. చిన్నప్పటి నుంచి చూస్తానే ఉన్నాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తెలియక చేసినాను అని తప్పించుకోడానికి నాకు సందు లేదు.

ఇల్లు కట్టే రెండు నెలలూ మేము అదే వీధిలో బాడుగకు ఉండి, అవ్వను చేజర్లలో మేనత్త ఇంట్లో పెట్టినాము. నాయన చూడపోయినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే, ఇనుము భద్రమేనా అని.

ఇల్లంటే రెండు గదులు, ఒక వరండా. పరిహారం డబ్బులు గోడలకే సరి. తలుపు వేపచెక్కది చేయించినాము. దాని మీద తుప్పు పట్టిన ఆ సామాను పెట్టి చూస్తే కొత్త చీరకు పాత గోనెపట్టా అంచు కుట్టినట్టు ఉండింది. ఇత్తడివి కొనే తాహతు లేదు. వీధిలో పోయే ప్రతివాళ్ళూ ముందు చూసేది తలుపునే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉదయగిరిలో లారీలకు, బస్సులకు రంగు కొట్టే షెడ్డు ఒకటి ఉండేది. అక్కడి సాయిబు కూతురు నా క్లాసులోనే చదివేది. సామానంతా సంచిలో వేసుకొని, నాయనతో ఒక మాట చెప్పి, బస్సులో తీసకపోయినాను.

"బస్సుకు కొట్టిన సిల్వర్ రంగు కొంచెం మిగిలుండాది టీచరమ్మా. దీనికి ఎంత కావాలి, రెండు పిచికార్లు. మీ దగ్గర నేను డబ్బులు తీసుకుంటానా" అన్నాడు. మంచి పనిమంతుడు. ఆ మంచిపనే కొంప ముంచింది. వాళ్ళకు ఊరికే రంగు కొట్టడం రాదు. సొట్ట పడిన లారీ డోరుకు చేసినట్టే, గుంటల్లో లప్పం పెట్టి, ఉప్పుకాయితంతో రుద్ది రుద్ది నున్నగా చేసి, అప్పుడు రంగు చిమ్మే గన్ను పట్టుకుంటారు. గొళ్ళెం చేతిలోకి తీసుకొని వేలితో తట్టినాడు.

"ఈ మేకు తలలు ఉంటే ఎంత రంగు కొట్టినా అతుకు తెలిసిపోతాది. ఆకురాయి పెట్టి అరగదీసి, వెనక వెల్డింగు చుక్క వేస్తాను. ఏం చేయమంటారు?"

నేను ఆ నిమిషంలో అవ్వ గురించి అనుకోలేదు. పాలామె గురించి అనుకున్నాను. "తీసేయండి" అన్నాను.

వచ్చే శనివారానికి అన్నీ తళతళలాడతా ఉన్నాయి. బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాను. నాయన చూసి "బలే ఉండాయే" అని మురిసిపోయినాడు. ఆయనకూ బొడిపెలు గుర్తు రాలేదు. కళ్ళున్నోళ్ళకు వాటితో పనేముంది.

గృహప్రవేశం ప్రార్థన నాడు మేనత్త అవ్వను తీసుకొచ్చింది. అయ్యగారు, చుట్టుపక్కలోళ్ళు వరండాలో నిలబడి ఉన్నారు. అవ్వ తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. గొళ్ళెం మీద బొటనవేలు పైనుంచి కిందికి పోయింది, కింది నుంచి పైకి వచ్చింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది.

"ఇది మనది కాదురా."

"అదేనమ్మా, రంగు కొట్టించినాము."

"ఏదీ, మూడూ చూపించు."

నాయన ఆమె వేలు పట్టుకొని పట్టీ అంతా వెతికినాడు. వెతికి నా వైపు చూసినాడు. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయినాను. "నేనే అరగదీయించినాను అవ్వా" అన్నాను.

ఆమె నవ్వింది. "నాయనను వెనకేసుకొస్తా ఉన్నావా? అమ్మేసుంటే అమ్మేసినానని చెప్పొచ్చు కదా, నేను ఏమంటాను" అనింది. ఆపైన "సరే, పిలిచినారు, వచ్చినాను" అని లోపలికి అడుగు పెట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చుట్టం మాదిరి ఉండేది. పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి "రావచ్చా అమ్మా" అని అడిగేది. రమ్మనేదాకా వచ్చేది కాదు. రెండోసారి అన్నం అడిగేది కాదు, పెడితే "చాలమ్మా, చాలు" అని చెయ్యి అడ్డం పెట్టేది. చాప తనే చుట్టి పెట్టేది. గుడ్డల మూట ఎప్పుడూ కట్టే ఉండేది. నాయన రంగంతా చాకుతో గీకి, మూడు కొత్త మేకులు తెచ్చి అదే చోట కొట్టినాడు. ఆమె తడిమి చూసి "కష్టపడినావు నాయనా" అనింది, అంతే. పాలామె మటుకు మమ్మల్ని ముంపోళ్ళనే పిలుస్తా ఉండేది.

నాకు ఏడుపు రాలేదు. రావాలని చూసినాను, రాలేదు. ఉదయగిరి పోయి పిల్లోళ్ళతో ఎక్కాలు చెప్పించేదాన్ని, శనివారం వచ్చి ఆమె "రావచ్చా" అంటే "రా అవ్వా" అనేదాన్ని. అట్లా రెండేళ్ళు నడిచింది. దేనికైనా అలవాటు పడతాము. అట్లా అలవాటు పడినందుకే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం.

అవ్వ చనిపోయే ముందు రోజు మధ్యానం, జొరంతో ఒళ్ళు కాలతా ఉంటే, లేచి కూర్చొని మూట ఒళ్ళో పెట్టుకొని నన్ను పిలిచింది.

"ఇంక బయల్దేరతానమ్మా. చాన్నాళ్ళు ఉన్నాను. మావోళ్ళు కూడా ఇంత బాగా చూడరు."

కాళ్ళు పట్టుకోవాల్సింది. నీ ఇల్లే అవ్వా, నాదే తప్పు అని మళ్ళీ ఒకసారి చెప్పాల్సింది. ఎవరైనా లేచి పోతా ఉంటే అనే మాటే నా నోట్లోంచి వచ్చింది.

"అన్నం తిని పో అవ్వా."

"వద్దులే తల్లీ" అనింది. "మీ ఇంట్లో ఇప్పటికే చానా తిన్నాను."