నల్లెద్దు తోలు పుట్టి

ముందే చెప్పేస్తున్నాను. నేను మూరెడు చేప అంటే మీరు జానెడనుకోండి. నలుగురు తన్నుకున్నారంటే ఇద్దరు తిట్టుకున్నారనుకోండి. కానీ ఇందులో నెత్తురు నేను పోసింది కాదు. పల్చగా ఉన్నదాన్ని కాస్త చిక్కబరిచాను, అంతే. పచ్చి అబద్ధం ఒక్కటుంది. అది చివర్లో ఒప్పుకుంటాను.

నిజాం సిక్కాలు చెల్లకుండా పోయిన కొత్తలో మాట. మాది చొప్పదండి వైపు పల్లె, చేపలు పట్టే ఇల్లు. మేం వల వేసే చెరువు ఊరికి రెండు కోసుల దూరం. అక్కడ సొంత పడవ ఉన్నవాడికి చేపల్లో వాటా, అదే పాలు. లేనివాడు ఇంకొకడి పడవలో తెడ్డు వేయాలి. మా బాపు పన్నెండేళ్లు మా మామ పడవలో, అంటే నన్ను కన్న అవ్వ వాళ్ల అన్న పడవలో, తెడ్డు వేశాడు. మామ చెయ్యి ఊరికే ఉండేది కాదు. పడవ ఎడమకు వంగితే కుడి చెంప మీద పడేది, కుడికి వంగితే ఎడమ చెంప మీద. వల చిరిగితే రెండు చెంపలూ. బాపు తలరుమాలును చెవుల కిందికి దించి కట్టుకునేవాడు. చలికేమోనని ఊరనుకునేది, నడి ఎండాకాలంలో కూడా.

వానలు వెనకబట్టాక చెరువులో మొదటి వల వేసే రోజున ఎవరి పడవ నీళ్ల మీద ఉంటే వాళ్లకే ఆ ఏడాది పాలు. ఈసారి ఆ రోజుకు సొంత పడవ దించి తీరాలని బాపు పట్టుబట్టాడు.

"మళ్ల నీ పడవెక్కితే నా మీసం గొరుగు బావా!" అన్నాడు మామతో.

"గొరుగుడెందుకు? పీకుత," అన్నాడు మామ.

పడవ కట్టేది మా వాకిట్లో, తేలేది రెండు కోసుల అవతల. చెరువుకట్ట మీద వదిలేసి వస్తే తెల్లారేసరికి ఎవరి పొయ్యిలోనో కట్టెలవుతుంది. అందుకని అది పొద్దున బండెక్కి పోవాలి, సాయంత్రం బండెక్కి రావాలి. బాపు ముందు తాడు పట్టుకుని బండిని కొలిచాడు. తర్వాతే పడవ సంగతి ఆలోచించాడు.

మొదట తాటిదోనె. తాటిమొద్దును వారం రోజులు తొలిచాడు. పది ఏనుగుల బరువు. బండి మీదికి ఎత్తగానే ఇరుసు ఫట్టుమంది. మొద్దు దొర్లి, తమాషా చూడవచ్చిన మామ కాలివేళ్ల మీదికెక్కి నిలబడింది. మామ ఒంటికాలి మీద గెంతుతూనే బండి గుంజ పీకి బాపు వీపు మీద విరగ్గొట్టాడు. బాపు మామ చెవి కొరికాడు. అవ్వ ఇద్దరి మీదా కుడితి కుండ బోర్లించింది.

"సచ్చేదాక కొట్టుకోర్రి! మీరు సస్తే గా చెర్ల చాపలన్న బతుకుతయి."

ఇక పలకల పడవ. దానికి టేకు కావాలి. ఇచ్చోడ దాటి బోథ్ దిక్కు పోతే ఎక్కడ చూసినా టేకే. బాపు గొడ్డలి పట్టుకుని పోయాడు. అడవి జవాను చేతి కర్ర కూడా టేకుదేనని వీపు నిండా గుర్తులతో తెలుసుకుని వచ్చాడు.

చివరికి పుట్టి మిగిలింది. కూలికి పోయినప్పుడు కృష్ణ ఒడ్డున చూశాడట. వెదురు బద్దలతో పెద్ద గంప అల్లి, మీద తోలు కుట్టడమే. ఇద్దరు ఎత్తితే బండెక్కుతుంది.

"ఏంది బావా, గిది పడవనా, కోళ్ల గంపనా?" అన్నాడు మామ.

"కోళ్లను గాదు, దీని కింద నిన్ను కమ్ముత."

తోలు ఇంట్లోనే దొరికింది. ఎనిమిదేళ్లు ఒకే కాడి మోసిన మా జోడెడ్లలో నల్లది ఆ వానల్లోనే పాము కరిచి చచ్చిపోయింది. దాని తోలు తంగేడు చెక్క నీళ్లలో నెల పైన నానాలి. వల వేసే రోజు దగ్గరపడిందని బాపు పదిహేను రోజులకే లాక్కొచ్చాడు.

"జర ఆగరాదు, వాసన పోలే," అంది అవ్వ.

"ఆగితే పాలు పోతది!"

ఆ రోజు పుట్టిని బండి మీద బోర్లించి, పొరుగింటి ఎద్దును ఒక పక్క కట్టి, మా తెల్లెద్దును తోలుకొచ్చారు. వాసన తగలగానే దాని ముక్కుపుటాలు బిందెలంతయ్యాయి. పలుపు తెంచుకుని, బండి మీదికి లంఘించి, పుట్టిని కొమ్ములతో ఆకాశానికి ఎగరేసింది. పడ్డదాన్ని మళ్లీ పొడిచింది. వెదురు బద్దలు బాణాల్లా లేచాయి. ఒకటి మామ రుమాలును ఎగరగొట్టింది, ఒకటి పొరుగింటి తలుపులో దిగింది. బండి చక్రం ఒకటి ఊడి కరీంనగర్ రోడ్డు పట్టింది. ఎవరైనా ఆపారో లేదో నాకిప్పటికీ తెలియదు.

పొద్దెక్కేసరికి బాపు మామ పడవలో తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. మీసం మాట మామ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. చెంపదెబ్బలు నిజం. చెవి కొరకడం నిజం. ఆ పంటి గాట్లు మామ పోయేదాకా ఉన్నాయి. ఎద్దు పొడిచిందన్నదే అబద్ధం. తెల్లెద్దు బండి దగ్గరికొచ్చి తోలును వాసన చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. కాడి కిందికి రమ్మంటే రాలేదు, చక్రం పక్కన కూలబడింది. బాపు ములుగర్రతో పొడిచాడు. తోక మెలిపెట్టాడు. కర్ర విరిగేదాకా బాదాడు. వీపంతా నెత్తురైంది. అయినా లేవలేదు.

"ఇగ సాలు బావా, సస్తది," అన్నాడు మామ. కొట్టడంలో అంత చెయ్యి తిరిగినవాడే అన్నాడు.

బాపు గొడ్డలి అందుకున్నాడు. అవ్వ కేక పెట్టి ఎద్దు మీద అడ్డం పడింది. గొడ్డలి పుట్టి మీద పడింది, మూడు దెబ్బలు. తర్వాత గొడ్డలిని అవతల పారేసి, "నడువు బావా, పొద్దెక్కుతున్నది," అని మామ కంటే ముందు నడిచాడు.

పుట్టి ఏమైందని అడిగినవాళ్లకల్లా ఎద్దు పొడిచిందనే చెప్పాడు. కాబట్టి ఆ అబద్ధం బాపుది. నేను కొమ్ములు కాస్త పొడుగు చేశాను. చక్రాన్ని కరీంనగర్ పంపింది మాత్రం నేనే.