నాలుగో భుజం

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ముప్పై ఏళ్లకు పైగా హనుమకొండలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఎవరైనా పూనకంతో ఊగుతుంటే, పొద్దుటి నుంచి ఏమైనా తిన్నదా అని అడిగే రకం నేను. దీన్ని దయ్యం కథ అనుకుని చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను రాస్తున్నది కోపంతో. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు.

మా బాపు వరంగల్లో ఒక బట్టల మిల్లులో వీవింగ్ మాస్టరు. మా తాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసినవాడు. బాపు చదువుకుని మిల్లులో ఆ హోదాకు వచ్చాడు. డెబ్బైల మధ్యలో ఒక పై ఆఫీసరు ఆయన్ను ఫ్రీమేసన్ల లాడ్జిలో, అంటే ఒకరినొకరు సోదరులని పిలుచుకునే ఒక రహస్య సంఘంలో, చేర్పించాడు. ఆ లాడ్జి సికింద్రాబాద్‌లో ఉండేది. నెలకొక శనివారం బాపు ఇస్త్రీ చేసిన నల్లకోటు వేసుకుని, చిన్న తోలు సంచి చేత పట్టుకుని రైలెక్కేవాడు. ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు.

లాడ్జి అంటే మాకు తెలిసింది స్టేషన్ ముందర గదులు అద్దెకిచ్చేదే. భర్త నెలకోసారి లాడ్జికి పోతున్నాడంటే అమ్మకు ఏ అనుమానం వచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒక రోజు ఆయన స్నానానికి పోయినప్పుడు సంచి విప్పింది. తెల్ల గొర్రెతోలు ఏప్రాన్ ఒకటి, తెల్ల గ్లౌజుల జత ఒకటి బయటపడ్డాయి. అమ్మకు ఇంకా భయమేసింది. ఇంకో ఆడమనిషైతే పట్టుకుని తిట్టడానికైనా ఉండేది.

"ఆడ ఏం జేస్తరు?" అని అడిగింది.

"మంచిగ బతుకుడెట్లనో నేర్పుతరు."

"దానికి తలుపులు పెట్టుకునుడెందుకు?"

బాపు నవ్వాడు. ప్రమాణం చేశాను, చెప్పకూడదు అన్నాడు. తోలు వస్తువు దేవుడి అర్ర దిక్కు రావద్దని అమ్మ ఆ సంచిని బయట అరుగు మీది చెక్కపెట్టెలో పెట్టించింది. ఆయన దానికీ నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడు ముద్దొచ్చేది. తర్వాత తర్వాత ఒళ్లు మండేది.

మా వాడలో ఒకాయన పని మీద సికింద్రాబాద్ పోయి, ఒక బంగ్లా గేటు దగ్గర బాపును చూశాడు. అదేం బంగ్లా అని రిక్షా అతన్ని అడిగితే 'జాదూఘర్', అంటే మాయల ఇల్లు, అన్నాడట. అక్కడి జనం అలాగే పిలుస్తారు. తలుపులు మూసుకుని లోపల ఏదో చేస్తారు కదా అని ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు, అంతే. కానీ ఆ మాట రైలు దిగి మా వాడకు వచ్చేసరికి జాదూ మంత్రమైంది, మంత్రం బాణామతి అయింది.

తెలియనివాళ్లకు చెప్తాను. బాణామతి అంటే చేతబడి లాంటిది. ఆ రోజుల్లో ఆ మాట మీద పడితే మనిషిని స్తంభానికి కట్టి కొట్టేవాళ్లు, పళ్లు ఊడగొట్టేవాళ్లు. మేముండేది పట్నంలో కాబట్టి బాపుకు పళ్లు మిగిలాయి.

ఇక ఎవరింట్లో పవర్‌లూమ్ మీద పోగులు తెగినా మా బాపే, ఎవరి పిల్లకు కామెర్లు వచ్చినా మా బాపే. నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలు రావడం మానేశారు. ఒక రోజు మా కులపెద్ద పదిమందిని వెంటేసుకుని అరుగు మీదికి వచ్చాడు. ఆడ ఏం చేస్తావో అందరి ముందర చెప్పు, రేపటి నుంచి పోనని ఒట్టు పెట్టు, అయిపోతుంది అన్నాడు. నిజం చెప్పాలంటే అది మరీ అన్యాయమైన బేరమేమీ కాదు.

బాపు మాత్రం, తాను తప్పు చేయడం లేదని, అక్కడ ఏం చేస్తాడో చెప్పనని అన్నాడు. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆరేళ్లు మా గడప ఎవరూ తొక్కలేదు. పెళ్లి పిలుపు లేదు, చావు కబురు లేదు. నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు జరిపేవాళ్లు.

నేను బాపుతో కొట్లాడాను. నీ ఒట్టు కోసం అమ్మ ఎందుకు ఏడవాలి అని అడిగాను. నాక్కూడా చెప్పవా అన్నాను.

"మాట ఇచ్చిన బిడ్డా," అన్నాడు. "ఇచ్చినంక అది నాది కాదు."

ఎనభైల మొదట్లో, ఎండాకాలంలో, పొద్దుటి షిఫ్టులో మగ్గాల మధ్యే బాపుకు గుండెపోటు వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఆయన కింద మగ్గాలు సరిచేసే జాబరుగా పనిచేసే యాకూబ్ మామ శవాన్ని ఇంటికి తెచ్చాడు. బాపు తోలు సంచి మూత లోపల రాసి ఉన్న సికింద్రాబాద్ చిరునామాకు టెలిగ్రాం కొట్టింది కూడా ఆయనే. అప్పుడు నేను బీఎడ్ చదువుతున్నాను. నాకు అన్నదమ్ములు లేరు.

పాడె కట్టారు. మోయడానికి మనుషులు లేరు. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, కులపెద్ద ఇంటికి పోయి చేతులు జోడించాడు. తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు.

"ఆ జాదూఘరోళ్లనే పిలుసుకోండ్రి, మోస్తరు అన్నడు."

మా వాడలో నలభై ఇళ్లు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. చూడటానికి మాత్రం కిటికీలు తెరుచుకున్నారు. మూడు గంటల దాకా టెలిగ్రాంకు జవాబు కోసం చూశాం. ఇంక శవం ఆగదని యాకూబ్ మామ అన్నాడు. చిన్నాయన, యాకూబ్ మామ, ఇద్దరయ్యారు. నేను కొంగు నడుముకు చుట్టుకుని లేచాను.

"ఆడపిల్ల పాడె మోసుడేంది?" అన్నాడు చిన్నాయన.

"మరి నువ్వు రెండు దిక్కుల మోస్తవా?" అన్నాను.

ఆయన పాడె దగ్గరికి జరిగాడు. నిప్పుకుండ అమ్మ పట్టుకుంది. కిటికీల వాళ్లు ముక్కున వేలేసుకునేదేదీ మేము చేయకుండా మిగల్చలేదు.

ముందర కుడివైపు యాకూబ్ మామ, వెనక కుడివైపు చిన్నాయన, వెనక ఎడమవైపు నేను. ముందర ఎడమవైపు ఖాళీ. యాకూబ్ మామ తన తువ్వాలను ఆ బొంగుకు కట్టి మెడకు తగిలించుకుంటానన్నాడు. వంగి ఎత్తబోయాం. ఆ ఖాళీ కొస మాతోపాటే లేచింది.

తెల్ల గ్లౌజు వేసుకున్న చెయ్యి బొంగు మీద ఉంది. మనిషి ఎటువైపు నుంచి వచ్చాడో నేను చూడలేదు. అమ్మ వెనక్కి తిరిగి చూసి "వచ్చిండు" అంది.

నేను ఆయన వెనకాలే నడిచాను కాబట్టి వీపు, కాళ్లు బాగా కనిపించాయి. ఎడమ ప్యాంటు కాలు మోకాలి పైదాకా మడిచి ఉంది. ఎడమ కాలికి బూటు, కుడి కాలికి మడమ దగ్గర అణిగిపోయిన పాత చెప్పు. చొక్కా ఎడమ భుజం మీంచి జారి ఉంది. రైల్లోంచి ఉరుకులు పరుగుల మీద దిగి బూటు పోగొట్టుకున్నాడనుకున్నాను. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఆరేళ్లు మా బతుకు బజారున పెట్టిన సోదరులు, పంపింది ఒక్కణ్ణి, అదీ ఈ వేషంలో.

మా దగ్గర దింపుడు కళ్లం అని ఉంది. సగం దారిలో పాడె దించి, పోయిన మనిషి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఉంటే పలుకుతాడని ఆశ. బాపు కుడి చెవిలో నేను మూడుసార్లు పిలిచాను. నేను లేవకముందే ఆ మనిషి అటువైపు మోకాలి మీద వంగి, ఎడమ చెవిలో ఏదో చెప్పాడు. బాపు తల అడ్డం ఉండి ఆ మనిషి ముఖం కనపడలేదు. మాట కూడా తెలియలేదు. ఒక్క అక్షరం అన్నట్టు వినిపించేది, ఆగేవాడు. మళ్లీ ఒక అక్షరం, మళ్లీ ఆగేవాడు. అలా రెండు మూడు సార్లు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను.

శ్మశానంలో పాడె దించాక చూస్తే లేడు. చేతులు కడుక్కోవడానికి పోయాడేమో అనుకున్నాం. చితి అంటుకున్నాక కూడా రాలేదు. యాకూబ్ మామ ఒక్కటే అన్నాడు, ఆయన తనకంటే జానెడు పొట్టి, అయినా పాడె ఒక్క వీసం వంగలేదని.

ఆ మనిషిని నేనొక్కదాన్నే చూస్తే భ్రమ అనుకుని వదిలేసేదాన్ని. మేం నలుగురం చూశాం. నలభై ఇళ్ల కిటికీలు కూడా చూశాయి. జాదూఘర్ మనిషి వచ్చి మోసిపోయాడని మర్నాటికి వాడంతా గుప్పుమంది.

అమ్మ మాత్రం మారిపోయింది. లాడ్జి పేరెత్తితే మెటికలు విరిచే మనిషి, "వాళ్లల్ల ఒక్కడన్న వచ్చిండు" అని వచ్చినవాళ్లకు, రానివాళ్లకు చెప్పుకుంది. పరామర్శకు వచ్చినవాళ్లు ఇద్దరే, అది వేరే సంగతి. అరుగు మీది పెట్టెలోంచి తోలు సంచి తెచ్చి, బీరువాలో తన పెళ్లిచీర పక్కన పెట్టింది.

దశదినకర్మ అయ్యాక నేను లాడ్జికి ఉత్తరం రాశాను. పంపింది ఒక్కణ్ణేనా అని తిట్టాను అనడం సరైన మాట. జవాబు వారంలో వచ్చింది. ఆ బంగ్లా రోజూ తెరవరట, టెలిగ్రాం మూడోరోజు గానీ చూడలేదట. మాలో ఎవరూ రాలేదమ్మా, క్షమించమని రాశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఉత్తరం చేతి సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

సెక్రటరీ గారు రిటైరైన డాక్టరు. నాకు హాలు చూపించారు. నలుపు తెలుపు గళ్ల నేల, కుర్చీలు, గోడ మీద తాపీవాళ్ల మూలమట్టం, వృత్తలేఖిని బొమ్మలు. ప్రార్థన చేస్తారట, మంచిగా నడుచుకోవడం గురించి కంఠతా పట్టిన మాటలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారట, భోజనం చేస్తారట, పేద పిల్లలకు ఫీజులు కడతారట. ఇంతేనా అన్నాను. దీని కోసమా మా అమ్మ ఆరేళ్లు నల్లా దగ్గర తలొంచుకుని నిలబడింది?

తర్వాత ఆయన, పాడె మోసిన మనిషి ఎలా ఉన్నాడని అడిగారు. మడిచిన ప్యాంటు, చెప్పు, జారిన చొక్కా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసేశారు. లాడ్జిలో చేరే మనిషిని మొదటి రోజు ఒక్కసారి అలా తయారుచేస్తారట, కళ్లకు గంతలు కట్టి తలుపు ముందర నిలబెడతారట. మీ నాన్నగారూ అలాగే నిలబడ్డారు, మేమందరమూ నిలబడ్డాం అన్నారు. ఆ వేషంతో ఎవరూ వీధిలోకి రారన్నారు. చెవిలో ఆగి ఆగి చెప్పిన సంగతి చెప్పేసరికి లేచి హాలు తలుపు మూసి వచ్చారు.

"మా సోదరులు ఒకరినొకరు గుర్తుపట్టే ఆ మాట ఒక్కరే పలికేది కాదమ్మా," అన్నారు. "ఒక అక్షరం ఒకరు, తర్వాతది రెండోవారు. ఇంతకు మించి నన్ను అడగకండి."

ఎవరో ఎగతాళికి చేసి ఉంటారని ఆయనే మళ్లీ అన్నారు. ఎగతాళికి వచ్చినవాడు ఆ ఎండలో శ్మశానం దాకా శవాన్ని మోస్తాడా? మోస్తే, వాడికి ఈ సంగతులన్నీ ఎవరు చెప్పారు? నేను చదివిన భౌతికశాస్త్రంలో దీనికి జవాబు లేదు. ఇప్పటికీ నా దగ్గర లేదు. ఉన్న మనుషులు తలుపులు మూసుకున్నారు, లేని మనిషెవరో వచ్చి భుజం పట్టాడు. నాకు మొదటిదే ఎక్కువ అర్థం కాదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అమ్మ అరుగు మీద ఎదురుచూస్తోంది. చెప్పులు కూడా విడవనివ్వలేదు.

"ఎవరట ఆయన? పేరేందట? ఒక్కపారి అన్నం పెడుదును."

ఉత్తరం నా సంచిలోనే ఉంది. మాలో ఎవరూ రాలేదమ్మా అన్న వాక్యం కింద నేను పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను.

"చెప్పరట అమ్మా," అన్నాను. "ప్రమాణమట."