పైన సన్నాలు

రేపల్లెలో మాణిక్యాంబ ఇడ్లీలకు పేరుంది. ఆవిడ భక్తికి అంతకంటే పేరుంది. ఆ రెండో పేరు తెచ్చిపెట్టింది గుప్పెడు బియ్యం సంచి. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికని ఓ గుప్పెడు బియ్యం తీసి దాచడం, ఆదివారం చర్చికి తెచ్చి ఇవ్వడం ఆ సంఘంలో ఆడవాళ్ళ అలవాటు. అందరివీ చిన్న చిన్న మూటలు. మాణిక్యాంబది మాత్రం ఇంకొకరు చెయ్యి వేస్తే గానీ లేవని సంచి. ఒంటి మనిషి ఇంట్లో అన్ని గుప్పెళ్ళు ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఆవిడ మూతి విప్పి మరీ బల్ల మీద పెట్టేది. పైన తెల్లగా బాపట్ల సన్నాలు కనబడేవి. పాస్టర్ మధుబాబు ఆవిడ పేరు చెప్పి ప్రార్థన చేసేవారు. ఆవిడ ఏమీ విననట్టు కొంగు సర్దుకునేది, చెవులు రెండూ అటే పెట్టి.

సన్నాల కింద ఏముందో ఆవిడకూ దేవుడికీ తెలుసు. ఇడ్లీ పిండికని తెచ్చుకున్న కోటా బియ్యం. దేవుడు ఎటూ బయటపెట్టడని ఆవిడ ధైర్యం. బియ్యమేగా, రాళ్ళు కాదుగా అని మనసుకు సర్దిచెప్పుకునేది. పాపం, ఆవిడ మనసు ఊరికే సర్దుకునే రకం.

ఈ వానాకాలం మాణిక్యాంబ జ్వరమొచ్చి మంచం పట్టింది. పాస్టర్ భార్య వీణ క్యారేజీలో మెత్తటి అన్నం, మిరియాల చారు తెచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడకు తెలిసిపోయింది, అది సన్నాల అన్నమని.

“ఈ బియ్యం ఎక్కడివండి, అమ్మగారూ?”

“మీవేనండి పిన్నిగారూ. మీ సంచిలో పైనున్నవి ప్రతివారం విడిగా తీసి డబ్బాలో పోస్తాను. ఒంట్లో బాగోలేని వాళ్ళకి వండి పెడుతున్నాం. కిందవి మేం వండుకుంటాం.”

మాణిక్యాంబ వీణ మొహంలో వెటకారం ఉందేమోనని వెతికింది. ఉంటే పోట్లాడొచ్చు. లేదు.

“జబ్బు చేసిన వాళ్ళ కోసమని మీరు వేరుగా వేస్తున్నారని అయ్యగారికి ఎంత సంతోషమో. ఈ ఆదివారం ప్రసంగంలో మీ గురించే చెబుతారంట.”

ఇంతకంటే తేలిగ్గా బయటపడే దారి ఏ దొంగకూ దొరకదు. నోరు మూసుకుంటే చాలు. మూసుకుందామనే అనుకుంది, ఇంకో ముద్ద కూడా కలిపింది. కానీ వీణ పిల్లలిద్దరూ కోటా బియ్యం అన్నం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, తన పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నట్టు కళ్ళకు కట్టింది. ఆవిడకు చచ్చేంత సిగ్గేసింది.

“అలా చెప్పించొద్దండి,” అంది కంచం పక్కన పెట్టి. “జబ్బువాళ్ళెవరూ నాకు గుర్తు లేరు. అయ్యగారి కంట్లో పడాలని పైన చల్లాను. అంతేనండి.”

వీణ కంచం తీసి మళ్ళీ ఆవిడ చేతికిచ్చింది.

“తినండి పిన్నిగారూ. చల్లారిపోతుంది.”

జ్వరం తగ్గాక మాణిక్యాంబ ఓ చిన్న మూటతో చర్చికి వెళ్ళింది. మూతి ముడేసి, అందరి మూటల మధ్య పెట్టి, వెనక వరసలో కూర్చుంది. ఆ రోజు ప్రార్థనలో ఆవిడ పేరు రాలేదు. కష్టంగానే ఉంది, దాచడమెందుకు. ఈసారి అడుగుదాకా సన్నాలేనని పక్కావిడతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకుంది.