ఒక్క గిటారు వినడానికి కలకత్తా

విజయనగరంలో నాది క్యాసెట్ల కొట్టు. సినిమా పాటలు, భక్తి పాటలు, బుర్రకథలు అమ్ముకుని బతుకుతున్నాను. కానీ తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, ఒక్క గిటారుతో ఒంటరిగా పాడేవాళ్ళంటే నేను చెవి కోసుకుంటాను. కుర్రతనంలో నాలుగేళ్ళు ఖరగ్‌పూర్లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసినప్పుడు బెంగాలీతోపాటు అంటుకున్న పిచ్చి ఇది.

అలాంటి పాటగాడితో మా ఊళ్ళో ఒక సాయంత్రం సభ పెట్టించాలని నా పంతం. పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడిపే నా స్నేహితుడు రామ్మూర్తి ఈ మాట వినగానే నవ్వేశాడు.

"ఒక మనిషి, ఒక గిటారు. పది నిమిషాలకి జనం లేచిపోతారు. ఎవర్ని పిలుస్తావేంటి?"

"కలకత్తా వెళ్ళి నా చెవులతో నేను విని తేల్చుకుంటాను," అన్నాను.

అన్నాక వెళ్ళకపోతే బాగుండదు. పైగా ఇంకో కారణం కూడా ఉంది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే గవరయ్య ఒకసారి కొట్టుకొచ్చి, తన మేనకోడలు ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చి వెళ్ళాడు. సగం పాట లారీ హారన్లలో కలిసిపోయింది. వినిపించిన సగం మాత్రం నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి ఉండేది వాట్‌గంజ్‌లో. చిరునామా రాయించుకున్నాను.

పుష్యమాసం చలిలో, ఒక గురువారం సాయంత్రం హౌరా మెయిలెక్కాను. ఇంట్లో కట్టిచ్చిన పులిహోర బరంపురం దాటేలోపే అయిపోయింది. ఖుర్దా రోడ్డులో ఒక బెంగాలీ పెద్దాయన ఎక్కి ఎదుటి బెర్తు మీద మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. నేను ఎందుకు వెళ్తున్నానో తెలిశాక తనకు నచ్చిన పాటగాడి పేరు చెప్పి, "అతన్ని వినకపోతే మీరు కలకత్తా చూసినట్టే కాదు," అని తీర్పిచ్చేశాడు.

తెల్లవారి హౌరాలో దిగి, మట్టి ముంతలో టీ తాగి, బస్సులో ధర్మతల్లా చేరాను. అక్కణ్ణుంచి కిదిర్‌పూర్‌కు ట్రాము. వెళ్ళేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, తొందర లేకపోతే ట్రామే ఎక్కండి. మైదానం పచ్చిక మీద మంచు ఇంకా విడవలేదు. దాని మధ్యగా ట్రాము పొలం గట్టు మీద నడుస్తున్నట్టు మెల్లగా పోతుంది. కిదిర్‌పూర్ బజారులో ఒక చిన్న లాడ్జి దొరికింది. గదిలో కిటికీ లేదు కానీ దుప్పటి శుభ్రంగా ఉంది.

ఆ సాయంత్రమే పెద్దాయన చెప్పిన పాటగాడి సభ ఉంది. టిక్కెట్టు దొరకడం కష్టమైంది. హాలు నిండిపోయింది. అతను మంచి కవి, అందులో సందేహం లేదు. మూతపడ్డ మిల్లు గేటు దగ్గర గొడుగు బాగుచేసేవాడి మీద పాడిన పాటకు నా ఒళ్ళు జలదరించింది. అయితే పాటకూ పాటకూ మధ్య పాట కన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. జనం మాటలకు కూడా చప్పట్లు కొట్టారు. చివరికొచ్చేసరికి వెనకాల డ్రమ్ములు, కీబోర్డు చేరాయి. గిటారు అతని భుజాన వేలాడుతూ ఉండిపోయింది. క్యాసెట్ కొనుక్కోండి, సభకు మాత్రం మొదటి గంటకే వెళ్ళండి.

శనివారం మైదానంలో శీతాకాలం మేళాలో పాతికేళ్ళ కుర్రాడొకణ్ణి విన్నాను. వేళ్ళు తీగల మీద నీళ్ళలా పారుతున్నాయి. పాటల్లో మాత్రం వాన, కిటికీ, రాని ఉత్తరం తప్ప ఇంకేమీ లేవు. ఏ పాట ఎక్కడ ముగిసి ఏది మొదలైందో తెలియలేదు. అతనింకా ఎవరినో అనుకరిస్తూ పాడుతున్నాడు. తన పాట తను పాడే రోజు వస్తే వెళ్ళి వినాలి.

ఆదివారం పొద్దున వాట్‌గంజ్ వెళ్ళాను. ఓడలాగే డాకు గోడ వెంబడి నడిచి, లారీలు బారులు తీరిన రోడ్డు పక్కన ఆ ఇల్లు పట్టుకున్నాను. రెండు గదులు. తండ్రి అప్పలస్వామి సోంపేట నుంచి చిన్నప్పుడే వచ్చి డాకులో పనికి కుదిరి, ఈ మధ్యే రిటైరయ్యాడు. భార్య పోయి మూడేళ్ళయింది. కూతురు నూకరత్నం ఒక నర్సింగ్ హోములో పనిచేస్తోంది. నన్ను అన్నయ్య అనబోయి, అలవాటు చొప్పున దాదా అనేసింది.

"మామయ్య పంపినాడా? రండి దాదా, బోషున్," అని కూర్చోబెట్టింది.

చేపల పులుసుతో అన్నం పెట్టింది. అప్పలస్వామి నా మాటలకు పెద్దగా నవ్వుతూ తలూపుతున్నాడు. కాసేపటికి గానీ అర్థం కాలేదు, ఆయనకు సగం మాటలు వినిపించడం లేదని.

"ఓడల మీద సరుకులెత్తీ ఇంచి మిషిన్ల పక్కన పని సేసీవోడు," అంది రత్నం. "సెవులు పోతన్నాయి. ఏడాదికేడాదికి ఇంకా తగ్గుతాదని డాక్టర్ సెప్పీసినాడు."

మర్నాడు కాలేజ్ స్ట్రీట్ దగ్గర ఒక లైబ్రరీలో కొత్త పాటల సాయంత్రం ఉంది. అందులో ఆమెకు రెండు పాటలకు పిలుపు వచ్చింది. బెంగాలీలో పాడాలనీ, తబలా, కీబోర్డు తామే ఏర్పాటు చేస్తామనీ నిర్వాహకులు చెప్పారట. వాయిద్యాలు వద్దని, ఒక పాట తెలుగులోనే పాడతానని ఆమె చెప్పిందట.

"ఎందుకు వద్దన్నావు?"

"వాయిద్యాలెక్కువైతే మా నాన్నకి మాటలు ఇనపడవు దాదా. గోలొక్కటే ఇనపడతాది. ఒక్క గిటారైతే దగ్గరగా కూకుంటే ఇనపడతాది. ఆయన ఓసారి నా పాట పూరాగా ఇనాల. ఇప్పుడు కాకపోతే మరి ఇనడు."

"ఇంట్లో పాడొచ్చు కదా?"

"ఇంట్లోనా?" బయట లారీ వైపు చూపించింది. "పైగా నాను గిటారు తీసీసరికి, ఈ టింగు టింగు ఏటే అనీసి లేసిపోతాడు. నలుగురి మధ్యనైతే లేవలేడు గదా."

ఆ మాటలవుతుండగానే పక్కింటి రేడియోలో వార్త వచ్చింది. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాకా బంద్. రత్నం వెంటనే బయటి టెలిఫోన్ బూత్‌కెళ్ళి ఫోన్ చేసి వచ్చింది. సభ ఆగడం లేదట, రాగలిగినవాళ్ళు రావచ్చన్నారట.

అప్పలస్వామికి సంగతి అర్థమయ్యాక ముఖం మారింది. "ఎల్లొద్దు. బందు నాడు ఆడపిల్ల గిటారేసుకుని రోడ్డు మీద... ఏటైనా అయితే?"

ఆమె ఆయన చెవి దగ్గరకు వెళ్ళి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నాను ఎల్తాను. నడిసి ఎల్తాను."

ఆయన గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు వైపు చూసి వచ్చాడు. "అయితే నానూ ఒస్తాను," అన్నాడు చివరికి. ఆమెకు కావలసిందీ అదే.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గురం బయల్దేరాం. వాట్‌గంజ్ నుంచి కాలేజ్ స్ట్రీట్ చాలా దూరం. బస్సు లేదు, ట్రాము లేదు, రిక్షావాడు కూడా లేడు. రోడ్డు మధ్యలో పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. గిటారు నేను పట్టుకుంటానంటే రత్నం ఇవ్వలేదు. హేస్టింగ్స్ దగ్గర జెండాలు పట్టుకున్న కొందరు అడ్డం వచ్చారు.

"కోథాయ్ జాచ్ఛేన్?" ఎక్కడికని ఒకడు గట్టిగా అడిగాడు.

అప్పలస్వామికి వినిపించక నేరుగా నడిచిపోతున్నాడు. వాడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. రత్నం మధ్యకు వెళ్ళి నిలబడి, పాట పాడటానికని బెంగాలీలో చెప్పింది.

"హేఁటే?" నడిచేనా అన్నాడు వాడు.

"హేఁటే."

వాడు గిటారు సంచీ వైపు, ఆ ముసలాయన చెప్పుల వైపు చూసి పక్కకు జరిగాడు. "జాన్, జాన్," వెళ్ళండని చెయ్యి ఊపాడు.

ధర్మతల్లాలో ఒక బెంచీ మీద కూర్చుని, ఆమె తెచ్చిన అటుకులు తిన్నాం. అప్పలస్వామి మడమ ఒరుసుకుపోయి రక్తం వస్తోంది. వెనక్కి వెళ్దామా అని నేను సైగ చేస్తే, నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ముందు లేచినవాడు ఆయనే.

చేరేసరికి చీకటి పడుతోంది. మేడ మీద పొడుగాటి గది. నలభై మంది దాకా ఉన్నారు, అంతా చుట్టుపక్కలవాళ్ళే. మైకువాడు రాలేదు. బెహాలా నుంచి రావలసిన కీబోర్డువాడూ రాలేదు. పేరున్న ఇద్దరు పాటగాళ్ళు కారు కదలదని కబురు పంపారు. సభ నడిపే మాలాది అనే ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమీ లేదు, మనుషులే ఉన్నారు. అందరూ ముందుకు జరగండి," అంది. కుర్చీలు లాక్కుని జరిగారు. అప్పలస్వామిని రత్నం మొదటి వరసలో, తన మోకాలికి తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టింది.

మొదట శ్యాంబజార్ నుంచి నడిచొచ్చిన ఒక బడి పంతులు పాడాడు. గొంతు గొప్పది కాదు. గిటారు మీద మూడే పట్లు వచ్చు. కానీ మొదటిసారి జీతం అందుకుని ఇంటికెళ్ళడానికి భయపడ్డ మనిషి పాట పాడుతుంటే గదిలో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. తప్పకుండా వినవలసినవాడు.

తర్వాత రత్నం. తెలుగులో పాడతానని, మా నాన్న వచ్చాడని మాత్రం బెంగాలీలో చెప్పింది. మాలాది తలూపింది. మొదటి పంక్తికే గొంతు వణికింది. శ్రుతి జారిన తీగ పలికింది. ఆపేసి, తొందరపడకుండా తీగ బిగించుకుని మళ్ళీ ఎత్తుకుంది.

"ఓడ దిగొచ్చిన నాయనా, ఏటి తెచ్చినావు?
సెరుకు తేనేదు, సీర తేనేదు,
సొక్కా నిండా ఇనుము వాసన తెచ్చినాను."

అప్పలస్వామి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఆ చెయ్యి పైకెత్తాడు.

"ఆగు."

రత్నం వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి.

"ఇనుము కాదే. గోగునార. నాను మోసింది నార బేళ్ళు. సొక్కా ఉతికీనప్పుడల్లా మీ యమ్మ ఆ వాసనకే తిట్టీది."

ఆమె ఆయన్నే చూస్తోంది. "నాన్నా, నీకు మాటలు ఇనపడ్డాయా?"

"ఇనపడబట్టే గదా తప్పు సెప్తన్నాను!"

ఏమైందని మాలాది నన్నడిగింది. నేను బెంగాలీలో చెప్పాను. గదంతా గొల్లున నవ్వింది, చప్పట్లు మోగాయి. రత్నం మోచేత్తో కళ్ళు తుడుచుకుని, నార వాసనతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు వణకలేదు. ఆయన చివరిదాకా కదల్లేదు.

ఆమె రెండో పాట బెంగాలీలో పాడింది. అది మామూలుగా ఉంది, ఆ మాట ఆమెకే చెప్పాను. ఒప్పుకుంది. మొదటి పాట మాత్రం, ఈ ఊళ్ళో నేను విన్నవాటన్నిటి కన్నా పై మెట్టు మీదుంది. ఇది తెలుగువాణ్ణి కాబట్టి చెప్పడం లేదు. అక్షరం అర్థంకాని వాళ్ళు ఆ రాత్రి మెట్లు దిగుతూ ఆ బాణీ కూనిరాగం తీశారు.

బంద్ అయిపోవడంతో తిరిగి వెళ్ళడానికి బస్సు దొరికింది. అప్పలస్వామి నిద్రపోయాడు. రత్నాన్ని మా ఊరి సభకు పిలిచాను.

"తెలుగు సదవడం సరిగా రాదు దాదా. నా మాట ఇని అక్కడ నవ్వుతారేమో."

"నువ్వు పాడేది మా వైపు మాటే. ఎవరు నవ్వుతారు?"

ఆమె పక్కన నిద్రపోతున్న తండ్రి వైపు తిరిగింది. "నాన్న కూడా ఒస్తాడు. సరేనా?"

సరేనన్నాను.

మంగళవారం సాయంత్రం హౌరాలో రైలెక్కాను. కాయితంలో చుట్టిన లూచీ పూరీలు, బంగాళాదుంప కూర స్టేషన్లోనే కొనుక్కున్నాను, వేడిగా బాగున్నాయి. తెల్లవారి చిలకా పక్కనుంచి పోతుంటే, పక్క సీటు శ్రీకాకుళం మాస్టారు ఇన్ని రోజులుండి ఎవరెవరిని విన్నావని అడిగారు. నలుగురి సంగతీ చెప్పాను. ఎవరిని ముందు వినాలంటే, బడి పంతుల్ని, వాట్‌గంజ్ అమ్మాయిని అన్నాను. బెంగాలీ పెద్దాయన మెచ్చిన కవిని ఇంట్లో క్యాసెట్లో వినొచ్చు. మేళా కుర్రాడికి కొన్నాళ్ళు గడువిద్దాం. ఒంటరిగా పాడేవాడికి దాక్కోవడానికి చోటుండదు. చెప్పడానికి ఒక మాట, అది చెప్పవలసిన ఒక మనిషి ఉంటే ఆ గిటారు ఒక్కటీ చాలు. ఆ రెండూ లేకపోతే ఎన్ని వాయిద్యాలున్నా అది చప్పుడే.

విజయనగరంలో దిగి ఇంటికి వెళ్ళకుండా, సంచీతోనే టౌను హాలుకు వెళ్ళాను. గుమాస్తా పెద్ద హాలు ఖాళీగా ఉందని, మైకుసెట్టు కూడా ఇస్తామని అన్నాడు. వద్దన్నాను. వెనక ఉన్న చిన్న గది చూపించమన్నాను.

"అందులో యాభై కుర్చీలకు మించి పట్టవండీ. అవి కూడా ఒకదానికొకటి ఆనుకుంటాయి."

"ఆననివ్వండి," అని ఆ గదే రాయించుకున్నాను.